టెస్టుల్లో ‘వాడకూడని మాటల’ జాబితా: ఆందోళన సరైనదే, పద్ధతే తప్పు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: “మేం క్వీన్స్‌లో ఉంటాం. బాబు ఐదో తరగతి. న్యూయార్క్ స్కూల్ టెస్టుల్లో డైనోసార్, పుట్టినరోజు లాంటి మాటలు కూడా వాడకూడదని జాబితా పెట్టారట, నిజమేనా? పిల్లల్ని ఇంత సుకుమారంగా పెంచితే రేపు ఎలా నెగ్గుకొస్తారు? మనం ఇవేవీ లేకుండానే చదువుకున్నాం కదా?”

పరీక్ష ప్రశ్నలు రాయడం, ఇతరులు రాసినవాటిని వడపోసే కమిటీల్లో కూర్చోవడం చాలా ఏళ్లుగా నా పని. అందుకని కాస్త వివరంగానే చెప్తాను.

జాబితా ఉన్న మాట నిజమే, కానీ ఇప్పటిది కాదు. 2012లో న్యూయార్క్ నగర విద్యాశాఖ కొత్త పరీక్షలు తయారు చేయించడానికి కంపెనీలను పిలుస్తూ ఒక టెండరు పత్రం ఇచ్చింది. అందులో ప్రశ్నల్లోకి రాకుండా చూడాల్సినవంటూ దాదాపు 50 అంశాలు రాశారు. డైనోసార్లు, పుట్టినరోజులు, హాలోవీన్, విడాకులు, జబ్బులు, పేదరికం, బానిసత్వం, ఉగ్రవాదం, ఉద్యోగం పోవడం, ఖరీదైన బహుమతులు, స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇళ్లు, ఇంట్లో కంప్యూటర్, జంక్ ఫుడ్, గ్రహాంతర వాసులు. డాన్స్ కూడా ఉంది, బాలే అయితే ఫర్వాలేదన్నారు. మార్చి నెలాఖరులో పత్రికలు దీన్ని బయటపెట్టాయి. దేశమంతా గగ్గోలు అయింది. ఇది నిషేధం కాదు, సూచన మాత్రమేనని అధికారులు మొదట సర్దిచెప్పబోయారు. కొద్ది రోజుల్లోనే, డెనిస్ వాల్కాట్ ఛాన్సలర్‌గా (అధిపతిగా) ఉన్న ఆ శాఖే జాబితాను వెనక్కి తీసుకుంది. కాబట్టి మీ బాబు రాసే టెస్టు మీద ఆ జాబితా ప్రభావం ఉంటుందని బెంగపడక్కర్లేదు.

‘సూచన మాత్రమే’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. టెండరు వేసే కంపెనీ వైపు నుంచి చూడండి. కాంట్రాక్టు కావాలి, పోటీ ఉంది, ఇచ్చేవాళ్లు 50 అంశాలు ‘వద్దనుకుంటున్నాం’ అన్నారు. ఆ కంపెనీలో ప్రశ్నలు రాసే మనిషి డైనోసార్ మీద పేరా రాసే ధైర్యం చేస్తారా? చేయరు. సూచన అని రాసినా అక్కడికి చేరేసరికి అది నిషేధమే.

ఆ అంశాలను ఎందుకు వద్దన్నారో పత్రంలోనే కారణాలు ఇచ్చారు. పెద్దవాళ్ల మధ్య వివాదం ఉన్న విషయాలు ప్రభుత్వ పరీక్షలో బాగోవు అన్నది ఒక కారణం. ఒక వర్గానికి అనుకూలంగానో వ్యతిరేకంగానో కనిపించవచ్చన్నది ఇంకొకటి. పరీక్షల్లో, పాఠ్యపుస్తకాల్లో వాడి వాడి అరిగిపోయి పిల్లలకు విసుగు పుట్టించే విషయాలు అన్నది మరొకటి. డైనోసార్ అంటే జీవపరిణామం గుర్తొచ్చి కొందరు మతవిశ్వాసులు నొచ్చుకుంటారని, పుట్టినరోజు అంటే దాన్ని జరుపుకోని యెహోవా సాక్షుల పిల్లలు ఇబ్బంది పడతారని పత్రికలు ఊహించి రాశాయి. కావచ్చు. కానీ నాలుగో తరగతి రీడింగ్ పేరాల్లో డైనోసార్లు ఎంత విరివిగా వస్తాయో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. అది మూడో కారణంతో చేరిందేమో కూడా. ఒకే జాబితాలో ‘బాధపెడుతుంది’, ‘అన్యాయం చేస్తుంది’, ‘ఎవరో గొడవ చేస్తారు’, ‘బోర్ కొడుతుంది’ అన్నీ కలిపేశాక, ఏది ఎందుకుందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రశ్నల్ని ఈ కోణంలో వడపోయడం తప్పనిసరి. దాన్ని మాటల జాబితాతో చేయడం మాత్రం తప్పు. ఈ రెండూ వేర్వేరు విషయాలు.

వడపోత ఎందుకు కావాలో ఒక ప్రశ్నతో చూద్దాం. మూడో తరగతి లెక్క అనుకోండి: “మరియా జట్టుకు ఇప్పటికి 3 పరుగులు ఉన్నాయి. బేస్‌లన్నీ నిండి ఉండగా మరియా హోమ్ రన్ కొట్టింది. ఇప్పుడు జట్టుకు ఎన్ని పరుగులు?” బేస్‌బాల్ తెలిసిన పిల్లవాడు బేస్‌ల మీదున్న ముగ్గురు, కొట్టిన అమ్మాయి కలిసి నాలుగు అని లెక్కేసి 7 అంటాడు. నిరుడే హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లవాడు హోమ్ రన్ అంటే సిక్సర్ లాంటిదే కదా అనుకుని 9 అని రాస్తాడు. వాడికి కూడిక వచ్చు, ఆ ఆట తెలియదంతే. కానీ మార్కుల షీటులో ‘కూడిక రాదు’ అని పడుతుంది. మనం కొలవాలనుకున్నది ఒకటి, కొలిచింది ఇంకొకటి. ఒకప్పుడు కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్షలో మారథాన్‌కు పరిగెత్తేవాడు ఎలాగో పడవల పందేనికి తెడ్డు వేసేవాడు అలాగ అనే పోలిక ప్రశ్న వచ్చింది. ఆ పందేలు చూసే అవకాశం సంపన్నుల పిల్లలకే ఉండేదని దాని మీద ఏళ్ల తరబడి విమర్శలు వచ్చాయి. ఆ పోలికల విభాగాన్నే 2005లో శాట్ నుంచి తీసేశారు.

అలాగని తెలియని విషయం కనబడితే చాలు అన్యాయం అనేయకూడదు. క్వార్టర్, డైమ్, నికెల్ నాణేలు కొత్తగా వచ్చిన మన పిల్లలకు తెలియవు. కానీ ఆ నాణేల లెక్క రెండో తరగతి గణిత ప్రమాణాల్లోనే ఉంది, స్కూల్లో నేర్పుతారు, పరీక్షలో అడగడం న్యాయమే. అదే నాణెం భిన్నాల ప్రశ్నలో అవసరం లేకుండా దూరిందంటే అప్పుడు నేను చెయ్యెత్తుతాను.

ఇక బాధ సంగతి. పిల్లలు కష్టమైన విషయాలు చదవకూడదని నేను అనను. చదవాలి. కానీ క్లాసు వేరు, పరీక్ష హాలు వేరు. క్లాసులో చావు గురించి కథ వస్తే టీచర్ ఉంటారు, ముందే కాస్త చెప్తారు, పిల్లవాడి మొహం చూసి ఆగుతారు, పక్కన స్నేహితుడుంటాడు. పరీక్షలో పిల్లవాడు ఒంటరి. పేపరు మూయలేడు, ఎవరినీ అడగలేడు, గడియారం నడుస్తూనే ఉంటుంది.

ఒక కమిటీలో మా ముందుకు వచ్చిన లెక్క గుర్తుంది. ఒక కుటుంబం నెలకు 1,200 డాలర్ల అద్దె మూడు నెలలుగా కట్టలేదు, ఆలస్యానికి నెలకు 50 డాలర్ల జరిమానా, మొత్తం బాకీ ఎంత? గుణకారం, కూడిక, జవాబు 3,750. లెక్కగా తప్పేమీ లేదు. మా బల్ల దగ్గరున్న ఒక టీచర్ అన్నారు, తన క్లాసులో అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసి షెల్టర్‌లో ఉంటున్న పిల్లలున్నారని, వాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతారని, తర్వాతి ప్రశ్నలు కూడా దెబ్బతింటాయని. అద్దె ఇంటిని తీసేసి స్కూల్ బ్యాండ్ కోసం ట్రంపెట్ అద్దెకు తీసుకున్న అమ్మాయిని పెట్టాం. అంకెలు తగ్గించాం. గణితం అణువంతైనా మారలేదు. దీనివల్ల ఎవరూ సుకుమారంగా తయారవరు. ఆ పిల్లలకు మిగతావాళ్లతో సమానంగా లెక్క చేసే అవకాశం దొరికిందంతే.

గణితంలో ఇది తేలిక. కథ అక్కడ చొక్కా లాంటిది, మార్చేస్తే సరిపోతుంది. రీడింగ్‌లో, చరిత్రలో అలా కుదరదు. అక్కడ విషయమే ప్రాణం. బానిసత్వం అన్న అంశం లేకుండా అమెరికా చరిత్ర మీద ఏం అడుగుతారు? పేదరికం, జబ్బు, విడాకులు, మతం, యుద్ధం అన్నీ తీసేస్తే రీడింగ్ పేరాకు మిగిలేదేమిటి? తేనెటీగలు, తోటపని, సైన్స్ ఫెయిర్. తప్పులేదు, కానీ పదేళ్ల పిల్లలు అలాంటివే చదివి చదివి, చదవడమంటేనే ఇంత చప్పగా ఉంటుందని నమ్మేస్తారు. ఈ పనిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

అతిజాగ్రత్త ఎంతదాకా పోతుందో న్యూయార్క్ రాష్ట్రంలోనే 2002లో తేలింది. హైస్కూల్ రీజెంట్స్ ఇంగ్లిష్ పరీక్షల్లో పేరున్న రచయితల పేరాలు ఇస్తారు. జీన్ హైఫెట్జ్ అనే ఆవిడ ఆ పేరాలను అసలు పుస్తకాలతో పోల్చి చూస్తే, చాలా చోట్ల రచయితకు చెప్పకుండానే మాటలు మార్చారని, వాక్యాలు ఎత్తేశారని తేలింది. ఐజాక్ బాషెవిస్ సింగర్ తన యూదు బాల్యం గురించి రాసుకున్న దాంట్లోంచి యూదుల ప్రస్తావనలు తీసేశారు. నల్లజాతివాళ్లు ఉండే పేటలోని లైబ్రరీకి తాను వెళ్లేదాన్నని యానీ డిలార్డ్ రాస్తే, అందులో జాతి ప్రస్తావన ఎగిరిపోయింది. ఇక ఆ పేరాకు అర్థమేముంది? పైగా ఆ కత్తిరించిన పేరా చదివి రచయిత ఉద్దేశం ఏమిటో వ్యాసం రాయమని పిల్లల్ని అడిగారు. అసలు పుస్తకం చదివిన పిల్లవాడే అక్కడ నష్టపోయే ప్రమాదం ఉంది. విషయం పత్రికలకెక్కాక, ఇకపై అలా మార్చబోమని రాష్ట్ర విద్యాశాఖ ప్రకటించాల్సి వచ్చింది.

అంతకుముందు 1997లో అధ్యక్షుడు క్లింటన్ దేశవ్యాప్తంగా ఐచ్ఛిక పరీక్షలు పెడదామన్నారు. అవి చివరికి జరగలేదు. వాటి కోసం పరిశీలించిన రీడింగ్ పేరాల్లో వేటిని తిప్పికొట్టారో, ఆ పనిని చూసుకున్న బోర్డులో సభ్యురాలైన చరిత్రకారిణి డయాన్ రావిచ్ 2003లో ఒక పుస్తకంగా రాశారు. గుడ్లగూబల గురించిన పేరాను నవాహో తెగవారికి ఆ పక్షి అశుభమని తీసేశారు. చూపులేని ఒక యువకుడు మౌంట్ మెకిన్లీ ఎక్కిన కథను, కొండల్లేని ప్రాంతాల పిల్లలకు అన్యాయమని, చూపులేనివాళ్లను తక్కువ చేసినట్టుందని వద్దన్నారు. గుడ్లగూబ మన ఊళ్లలోనూ అపశకునమే. అయినా మన పిల్లలు దాని గురించి చదువుకుని పరీక్ష రాయగలరనే నా నమ్మకం. ఇక కొండెక్కిన కుర్రవాడి కథ చూపులేని పిల్లలకు ఎంత బలాన్నిస్తుందో ఆ గదిలో ఎవరూ అడగలేదా అనిపిస్తుంది.

మాటల జాబితా అడ్డుకోవాల్సినవాటిని కూడా అడ్డుకోలేదు. దీనికి మన దగ్గరే కావలసినన్ని ఉదాహరణలున్నాయి. పోటీ పరీక్షలకు చదివిన ప్రతి ఒక్కరూ చేసిన లెక్క ఇది: “12 మంది పురుషులు లేదా 18 మంది స్త్రీలు ఒక పనిని 14 రోజుల్లో పూర్తి చేస్తారు. 8 మంది పురుషులు, 16 మంది స్త్రీలు కలిసి చేస్తే ఎన్ని రోజులు?” జవాబు 9. ఇందులో ఏ మాటను నిషేధిస్తారు? పురుషులా, స్త్రీలా, పనా? అన్నీ మామూలు మాటలే. కానీ ఇద్దరు మగవాళ్ల పని ముగ్గురు ఆడవాళ్లకు సమానం అన్నది లెక్కలో ఇమిడి ఉంది. తరాలుగా ఆడపిల్లలు దాన్నే సూత్రంగా రాసుకుని జవాబు తెచ్చుకుంటున్నారు. పెద్ద పంపులు, చిన్న పంపులు అని మార్చండి, అదే 9 వస్తుంది.

2021 డిసెంబరులో సీబీఎస్ఈ పదో తరగతి ఇంగ్లిష్ పేపర్లో ఒక పేరా వచ్చింది. భార్యకు స్వేచ్ఛ రావడం వల్లే పిల్లల మీద తల్లిదండ్రుల అదుపు పోయిందన్నది దాని ధోరణి. అందులోనూ అభ్యంతరకరమైన ‘పదం’ ఒక్కటీ లేదు. పార్లమెంటులో సోనియా గాంధీ లేవనెత్తాక బోర్డు ఆ పేరాను తొలగించి, దాని మార్కులు అందరికీ ఇచ్చేసింది. 2022లో తమిళనాడులోని పెరియార్ విశ్వవిద్యాలయం ఎంఏ చరిత్ర పేపర్లో నాలుగు కులాల పేర్లిచ్చి, వీటిలో తక్కువ కులం ఏదని అడిగారు. హరియాణాలో 2018లో ఒక ఉద్యోగ పరీక్షలో శకునాల ప్రశ్న పెట్టి, ఒక కులం మనిషి ఎదురు రావడాన్ని అపశకునాల వరుసలో చేర్చారు. కులాల పేర్లు చరిత్ర, సామాజిక శాస్త్రం పరీక్షల్లో రాకుండా ఎలా ఉంటాయి? రావాలి కూడా. ఇక్కడ తప్పంతా అడిగిన తీరులో ఉంది.

అమెరికాలోనూ ఇలాంటిది జరిగింది. 2019లో మసాచుసెట్స్ పదో తరగతి ఇంగ్లిష్ పరీక్షలో కోల్సన్ వైట్‌హెడ్ నవలలోంచి ఒక భాగం ఇచ్చారు. బానిసత్వం నుంచి పారిపోతున్న అమ్మాయి కథ. మంచి ఎంపిక. కానీ కింద వ్యాసం ప్రశ్న, ఆ అమ్మాయిని ఇంట్లో దాచుకుంటూనే ఆమె పట్ల జాత్యహంకారం చూపే తెల్ల పాత్రగా మారి దినచర్య రాయమంది. నల్లజాతి పిల్లలు ఆ గదిలో కూర్చుని, తమను ద్వేషించే మనిషి గొంతుతో రాయాలి. టీచర్లు, విద్యార్థులు అభ్యంతరం చెప్పాక ఆ ప్రశ్నను లెక్కలోంచి తీసేశారు. పేరాలో ఏ మాట ఉందో వెతికే జాబితాకు ఇది దొరకదు. ప్రశ్న చదివి, ‘దీన్ని రాసే పిల్లవాడు ఎవరు, వాడిని మనం ఏం చేయమంటున్నాం’ అని అడిగే మనిషికే దొరుకుతుంది.

మరి సరైన పద్ధతి ఏమిటి? కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, బాగా నడిచేచోట ఇప్పటికే ఉంది. రకరకాల ప్రాంతాలు, భాషలు, వర్గాల టీచర్లు ఒక గదిలో కూర్చుని ప్రశ్నల్ని ఒక్కొక్కటిగా చదువుతారు. దీన్ని బయాస్ అండ్ సెన్సిటివిటీ రివ్యూ అంటారు. అభ్యంతరం చెప్పేవాళ్లు ఏ పిల్లలకు, ఎలా నష్టమో చెప్పాలి. ‘ఎవరైనా ఏమైనా అంటారేమో’ అన్నది కారణంగా చెల్లకూడదని నేను గట్టిగా వాదిస్తాను. ఆ భయాన్ని లోపలికి రానిస్తే అన్నీ ఎగిరిపోతాయి.

తర్వాత ఫీల్డ్ టెస్ట్. మార్కులు లెక్కపెట్టకుండా కొత్త ప్రశ్నల్ని పిల్లల చేత రాయించి చూస్తారు. మొత్తం పరీక్షలో సమానంగా మార్కులు వచ్చిన రెండు వర్గాల పిల్లల్ని తీసుకుంటారు, ఉదాహరణకు ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు, మాట్లాడనివాళ్లు. సమానమైన సామర్థ్యం ఉన్నప్పుడు ఒక్కో ప్రశ్నలోనూ దాదాపు సమానంగానే రావాలి. ఏదో ఒక ప్రశ్నలో మాత్రం ఒక వర్గం ఉన్నట్టుండి వెనకబడిందంటే, అక్కడ కొలవాలనుకున్నది కాక ఇంకేదో అడ్డు పడుతోందన్నమాట. మా వాడుకలో దీన్ని ‘డిఫ్’ (డిఫరెన్షియల్ ఐటమ్ ఫంక్షనింగ్) అంటారు. వైద్య గణాంకాల కోసం 1959లో మాంటెల్, హెన్‌జెల్ ఇచ్చిన పద్ధతిని 1988లో హాలండ్, థేయర్ అనే పరిశోధకులు పరీక్షలకు వర్తింపజేశారు. ఇందులో నాకు నచ్చేదేమిటంటే, పిల్లలకు ఏది అడ్డు పడుతుందో పెద్దవాళ్లం ఊహించడం మానేసి, పిల్లల జవాబులనే అడుగుతాం. కమిటీ గంటసేపు వాదించుకున్న ప్రశ్నలో ఏ తేడా రాకపోవచ్చు, ఎవరూ పట్టించుకోని ప్రశ్నలో రావచ్చు.

అయితే ఇది ఒక్కటే చాలదు. పురుషులు-స్త్రీల పని లెక్కను ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగానే చేసేస్తారు, అంకెల్లో తేడా కనబడదు. అయినా అది పేపర్లో ఉండకూడదు. అందుకే మనుషుల కమిటీ, అంకెల పరీక్ష రెండూ కావాలి.

ఈ వడపోతలన్నీ దాటినా ప్రశ్న మంచిదవుతుందన్న హామీ లేదు. ఆ జాబితా గొడవ జరిగిన 2012 వసంతంలోనే, న్యూయార్క్ రాష్ట్ర ఎనిమిదో తరగతి పరీక్షలో పైనాపిల్‌కూ కుందేలుకూ పరుగు పందెం అన్న వింత కథ వచ్చింది. ఎవరి మనసునూ నొప్పించని కథే. కానీ కింద ఇచ్చిన ప్రశ్నలకు ఏది సరైన జవాబో పెద్దవాళ్లే తేల్చుకోలేకపోయారు. అప్పటి రాష్ట్ర విద్యా కమిషనర్ జాన్ కింగ్ ఆ ప్రశ్నల్ని మార్కుల్లోంచి తీసేయించారు. నొప్పించకపోవడం అవసరమే, కానీ అడిగింది అర్థవంతంగా ఉందా అన్నది మొదట చూడాలి.

‘మనం ఇవేవీ లేకుండానే చదువుకున్నాం’ అన్నారు. నిజమే, చదువుకున్నాం. మనతోపాటు ఆ గదుల్లో కూర్చుని, పేపర్లో తమ కులం పేరు చూసి, తమ ఇంటి కష్టం చూసి తలదించుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎంతమంది అక్కడితో ఆగిపోయారో మనం లెక్కపెట్టలేదు. మన పేపర్లు రహస్యంగా కొద్దిమంది తయారు చేస్తారు. లీకవుతుందన్న టెన్షన్‌తో ముందుగా ఎక్కువమందికి చూపించరు. అందుకే తప్పు పరీక్ష హాల్లోనే బయటపడుతుంది, ఆ తర్వాత మార్కులు కలుపుతారు. కలిపిన మార్కులు ఆ రోజు పిల్లవాడు పడ్డ ఇబ్బందిని తీర్చవు. ప్రశ్నలు పరీక్షకు రాకముందే, సంబంధం లేని నలుగురు టీచర్లు రహస్య ఒప్పందం మీద చదవడం మన బోర్డులు కూడా చేయగలిగిన పనే. దానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

చివరగా మీ బాబు విషయం. న్యూయార్క్ రాష్ట్ర విద్యాశాఖ 3 నుంచి 8 తరగతుల పరీక్షల్లో అడిగిన ప్రశ్నల్లో కొన్నిటిని తర్వాత తన వెబ్‌సైట్లో పెడుతుంది. ఐదో తరగతి రీడింగ్ పేరాలు రెండు మూడు డౌన్‌లోడ్ చేసి బాబుతో కలిసి చదవండి. ఎక్కడ ఆగాడో, ఏ విషయం తెలియక తడబడ్డాడో మీకే కనబడుతుంది. ఎప్పుడైనా టెస్టులో ఏదైనా ప్రశ్న తనను కలవరపెట్టిందని చెప్తే, ప్రశ్నను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, అవి రహస్యంగా ఉంచాల్సిన ప్రశ్నలు. టెస్టు పేరు, తేదీ, ఏ విషయం గురించో, బాబు ఏమన్నాడో ప్రిన్సిపల్‌కు మెయిల్ రాసి, రాష్ట్ర విద్యాశాఖకు పంపమని అడగండి. అక్కడ టీచర్లుగా పనిచేస్తున్న తెలుగువాళ్లు మీకు తెలిస్తే, ప్రశ్నల్ని పరిశీలించే కమిటీలకు దరఖాస్తు పెట్టుకోమని చెప్పండి. బేస్‌బాల్ ప్రశ్న దగ్గర చెయ్యెత్తడానికి క్రికెట్ చూసి పెరిగిన మనిషి ఒకరు ఆ బల్ల దగ్గర ఉండాలి.